పొద నలంచి

నాలుగున్నర.
కల్లంలో లాంతరు ఇంకా ముట్టించలేదు.
జిమల్‌గట్ట దారికి ఎడంపక్క వాగులో
వెదురు గుంపు లోపలినుంచి వాడు మొదలుపెడతాడు:
ముందు ఒక్క స్వరం, గొంతు సరిచూసుకున్నట్టు,
తర్వాత నిండు బిందె వంచినట్టు.

మొదటి ఏడు పెద్ద నలంచి అనుకున్నాను,
సిరొంచలో మా రేకుల మీద తోక ఎగరేసేదాన్ని.
కాదు. అది మనుషుల మధ్య బతకనేర్చిన పిట్ట,
కరెంటు తీగ దొరికితే చాలు దానికి.
ఇది కనపడదు.
నాలుగు వేసవుల్లో సరిగా చూసింది ఐదుసార్లు:
మెడ దాకా సిరా నలుపు,
కడుపు కాలిన కుండపెంకు,
ఒంటికన్నా పొడుగు తోక,
ఎగిరేటప్పుడు ఆ తోక మొదట్లో
సున్నం వేలితో అద్దినట్టు తెలుపు, అంతే,
మళ్ళీ వెదురు నీడ.

నా పని లెక్క.
యాభై తునికాకులు ఒక కట్ట,
ఆకు తగ్గితే కట్ట పక్కకి.
అలవాటు కొద్దీ పిట్టకీ ఒక పేజీ గీశాను:
తేదీ, వేళ, ఎన్ని నిమిషాలు.
పాటకి ఏ గడీ సరిపోలేదు.
ఒక తేదీ పక్కన ఇలా ఉంది:
"పసులపోలిగాడి కూత కలిపాడు, ఎందుకో."

ఆడదాన్ని చూపించింది ఆత్రం చిన్నుబాయి,
రెండేళ్ళ కింద.
ఆకు కోస్తూ వంగితే
నరికిన వెదురు మోడులోంచి 'టక్' మంది,
రెండు గులకరాళ్ళు తగిలినట్టు.
ఆమెకి ఆ నలుపు లేదు, బూడిద పూసిన గోధుమ;
తోక పొట్టి; గూడు కట్టేది ఆమె, పొదిగేది ఆమె.
గుప్పెడు వెదురాకులు, వేరుపోగులు,
నాలుగు గుడ్లు, పాచినీళ్ళ రంగు మీద మట్టి చిలకరింపు.
"పన్నెండు దినాలకు పిల్లలైనయ్ సారూ,
వచ్చినప్పుడల్లా లెక్కవెట్టిన.
మీరొక్కరేనా లెక్కలు రాసేది?"
పిల్లలు లేచాక వాడూ నేలకి దిగాడు,
రాలిన ఆకుల్ని తిరగేసి
చెదలు, చీమలు, ఒక్కోసారి నోటికి అడ్డంగా మిడత.

ఇది రాయకుండా ఉండలేను.
ఆ వారమే ప్రాణహిత దాటి ఓదేలు వచ్చాడు,
చంకలో గుడ్డ కప్పిన పంజరం,
సంచిలో జువ్విపాల జిగురు.
టీ తాగుతూ, ఊరికే అడిగినట్టు అడిగాడు,
పొద్దున ఎటు పాడుతుందని.
నేను నోరు తెరవలేదు.
గడ్డంతో చూపించాను.

వానల ముందు అహేరిలో
హోటల్ చూరుకి వేలాడుతూ కనిపించాడు.
తోక పుల్లలకి రాసుకొని సగానికి విరిగింది.
మిట్టమధ్యాహ్నం పాడుతున్నాడు,
బస్సు బ్రేకు కీచుని కూడా కలిపి.
జనం నవ్వారు.
చాయ్ డబ్బులిచ్చి బయటపడ్డాను.

గూట్లో పిల్లలు ఏమయ్యాయో చిన్నుబాయి చెప్పలేదు.
నేను అడగలేదు.

వాగు ఖాళీగా ఉన్నది ఆరు రోజులే.
ఏడో రోజు ఇంకో మగపిట్ట,
ఎల్ల దగ్గర కాచుకున్న పొరుగువాడో,
నిరుడు అదే మోడులో లేచినవాడో.
పిట్టలకి పట్టా ఉండదు; పాడినంత మేర వాళ్ళది.
వీడి పాట వేరు, కొంచెం తొందర.
కానీ ఎప్పుడో ఒకసారి, మధ్యలో,
పాతవాడి విరుపు:
మూడు మెట్లు దిగి
నాలుగోది వేయకుండా ఆపేయడం.
అచ్చం అదే.
పక్కవాడిని విని నేర్చుకుంటాయి ఇవి.
నేను గడ్డం ఎత్తేసరికే
ఆ ముక్క వాగు దాటిపోయి ఉంటుంది.
దీంతో నా తప్పు తగ్గదు.
లెక్కలో అది వేరే గడి.

ఇవాళ మొదటి జల్లు. కల్లం ఎత్తేస్తున్నాం.
ఇక పాట పలచబడుతుంది,
ఈకలు రాల్చే కాలం,
తోక ఊడిన మగాడు పొద దాటి రాడు.
చిన్నుబాయి చివరి కట్ట విసిరింది. లెక్కపెట్టాను,
నలభై తొమ్మిది.
"ఒకటి ఆడ కప్పిన," అంది, వాగువైపు చూడకుండా,
"మోడు మీద. ఎవ్వలకు కనవడకుండ."

యాభై అని రాశాను.