తొమ్మిది పన్నెండు

పడవలు ఎప్పుడో వెళ్ళిపోయాయి గానీ
గ్రిమ్స్‌బీ గాలికి చేపల వాసన ఇంకా వదల్లేదు.
ఆ గాలే తలుపు తోసుకుని
జాబ్ సెంటర్ లోపలికొస్తుంది, మనుషులకంటే ముందు.
నాలుగో బల్ల నాది.
బల్ల మీద రేకు ముక్క: సువర్చల.
నోరు తిరక్క అందరూ "సూ" అంటారు.
పలుకుతాను.

పది నిమిషాలు దాటితే ఆలస్యమని రూలు.
ఆలస్యమైతే డబ్బులో కోత.
కంప్యూటర్‌లో రెండే గడులు:
వచ్చారు. రాలేదు.
రెంటికీ మధ్య నా చూపుడువేలు.

జనీన్ ఓడ్లింగ్ వచ్చేసరికి తొమ్మిది పన్నెండు.
చంకలో పిల్లాడు, వాడికి ఒక కాలికే బూటు.
రెండోది బస్సులో జారిపోయిందట,
ఒక స్టాపు దూరం వెనక్కి పరిగెత్తిందట.
"సారీ, సూ, సారీ" అంది, ఊపిరాడక నవ్వుతూ.
గోడ గడియారానికి వీపు పెట్టి కూర్చోవడం
పదిహేడేళ్ళుగా నేర్చిన విద్య.
వచ్చారు, అని నొక్కాను.
పిల్లాడి తడి మేజోడు
బల్ల అంచున చిన్న అచ్చు వేసింది.
మధ్యాహ్నం దాకా తుడవబుద్ధి కాలేదు.

ఇక్కడితో ఆపేస్తే నేను మంచిదాన్ని.

గురువారం విడ్మాంటస్ గ్రిగాలియూనస్ వచ్చాడు.
అదే తొమ్మిది పన్నెండు.
చేపలు కోసే ఫ్యాక్టరీ మూతపడ్డాక
మూడు నెలలుగా నా ముందు కూర్చుంటున్న మనిషి.
సారీ అనలేదు. కారణం చెప్పలేదు.
కుర్చీ లాగితే నేల కీచుమంది.
అప్పు వసూలుకి వచ్చినవాడిలా
కళ్ళలోకి సూటిగా చూశాడు.
ముందు రాత్రి నాకు నిద్ర లేదు, మోకాలు సలుపు.
వేలు రెండో గడి మీద పడింది.
రూలు ప్రకారమే.
ఎవరూ వేలెత్తి చూపలేరు.

చట్టాలు లండన్‌లో రాస్తారంటారు.
రాస్తారు, కానీ చివరి వాక్యం వదిలేస్తారు.
అది ఈ బల్ల మీద పూర్తవుతుంది,
ఎవరి బూటు జారింది, ఎవరు నవ్వారు,
నా మోకాలు ఆ పూట ఎలా ఉంది,
అన్నీ కలుపుకుని.

భోజనాల వేళ డెస్మండ్ చెప్పాడు,
తలుపు దగ్గర కాపలా ఉండే కుర్రాడు:
"ఆయన తొమ్మిదికి ముందే వచ్చాడు కదా.
పేరు కొట్టమనే తెర ఉందే,
అలాంటి ఇంటిపేరు లేదు పొమ్మంటోంది.
నాలుగుసార్లు కొట్టాడు, పాపం."
వెతికి చూశాను.
మేమే ఎక్కించాం, ఒక అక్షరం తప్పుగా.
మూడు నెలల కింద. నాలుగో బల్ల నుంచి.

పేరు దిద్దాను. అది నా చేతిలో పని.
కోత దిద్దడం నా చేతిలో లేదు.
ఫిలిప్పా మేడమ్ తల కూడా ఎత్తలేదు:
"ఆయన అడగాలి కదా. నీకెందుకు?"
ఉత్తరం రాద్దామని కూర్చుని
"మా పొరపాటు వల్ల" దగ్గర ఆగిపోయాను.
ఆ మాట మా ఉత్తరాల్లో ఎక్కడా లేదు.
చెరిపేశాను.

రెండు వారాల తర్వాత
ఎనిమిదీ నలభైకే వచ్చి వానలో నిలబడ్డాడు.
తలుపు తీసేది తొమ్మిదికి. అదీ రూలే.
డెస్మండ్ తాళాలతో నా వైపు చూశాడు.
తల ఊపాను.
తలుపు తెరుచుకుంది.
అతను లోపలికి రాలేదు.
చేతి గడియారం చూసుకుని
తెరిచిన తలుపు ముందే, నీళ్ళు కారుతూ,
తొమ్మిదయ్యేదాకా నిలబడ్డాడు.

తర్వాత వచ్చి ఒక కాగితం నా ముందుకు తోశాడు.
కోత మీద ఫిర్యాదు.
అంచులు తడిసినా సిరా చెదరలేదు.
"నిర్ణయం తీసుకున్న అధికారి" అన్న చోట
ఇక్కడెవరూ సరిగ్గా రాయని నా పేరు,
ఒక్క అక్షరం పొల్లుపోకుండా.