ఉప్పుగాలి పట్టిన అద్దం

కూర్చో కుందనా,
ఆ స్టూలుకి ఒక కాలు పొట్టి, గోడకి ఆనుకో.
పాతపోస్టాఫీసు సందులో ఈ కొట్టు మెట్టెక్కినవాళ్లంతా అడిగేదే
నువ్వూ అడిగావు:
ఏ కెమెరా కొనమంటారు?

నీ భుజం ఎంత మోస్తుందో ముందు చెప్పు.
కిరండోల్ బండిలో సీటు దొరక్కపోతే
అరకు దాకా దాన్ని మెడలో వేసుకుని నిలబడగలవా?
సింహాచలం మెట్లు సగం ఎక్కాక
తిట్టుకోకుండా ఉంటావా దాన్ని?
ఉంటే, అదే నీ కెమెరా.

డబ్బంతా పెట్టెకి పోసెయ్యకు,
సగం అద్దానికి ఉంచు.
పెట్టె మూడేళ్లకే ముసలిదవుతుంది,
మంచి అద్దం నీతోపాటు చూడ్డం నేర్చుకుంటుంది.
ఒక్కటి చాలు, ముప్పై అయిదో, యాభయ్యో.
దూరాన్ని లాక్కొచ్చే పొడుగు గొట్టం ఇప్పుడే వద్దు,
దగ్గరికి వెళ్లాలంటే
కాళ్లున్నాయిగా.

ఇదిగో, ఈ సొరుగు చూడు.
ముప్పై లెన్సులు,
ముప్పై కళ్లలోనూ పువ్వులు.
ఆవిరీ ఉప్పూ కలిసి
గాజు లోపల చప్పుడు చెయ్యకుండా అల్లిన సాలెగూళ్లు.
తోలుసంచిలో దాచి, బీరువాకి తాళం వేసి,
భద్రంగా మరిచిపోయినవాళ్లవే ఎక్కువ.
రోజూ వాడి అరగదీసినవాళ్లు
ఈ సొరుగు దాకా రారు.

బియ్యం డబ్బాలో పెట్టకు, తవుడు దూరుతుంది.
బిగుతు మూత డబ్బా, నాలుగు సిలికా పొట్లాలు,
చెప్పుల కొట్లో అడిగితే ఊరికే ఇస్తారు.
బీచి నుంచి వచ్చాక ముందు దానికి తడిగుడ్డ, పొడిగుడ్డ,
తరవాతే నీ స్నానం.
ఏసీ గదిలోంచి ఒక్కసారిగా బయటికి తియ్యకు,
వైవాకి కూర్చున్న కుర్రాడిలా
అద్దానికి చెమట పట్టేస్తుంది.

మనది తూర్పు సముద్రం.
సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు గానీ మునగడు.
సాయంత్రం వచ్చి, అస్తమయం ఏదని అడిగేవాళ్లని
వారానికొకరినైనా చూస్తాను.
నువ్వు తెల్లారకముందే వెళ్లు,
వెళ్లి, సముద్రానికి వీపు పెట్టు.
అందరూ సూర్యుణ్ణి తీస్తుంటారు,
నువ్వు ఆ చూసేవాళ్ల మొహాలు తియ్యి.

చేపలరేవుకి నాలుగున్నరకే పో.
నేల జారుతుంది, రబ్బరు చెప్పులు.
కెమెరా సంచిలోనే ఉంచి
ముందు బేరమాడు,
పావుకిలో నెత్తళ్లైనా కొను.

నేను కొనలేదు, అప్పట్లో.
సూరాడ నూకాలమ్మ గంప ఎత్తుకుంటుంటే
అడక్కుండా నొక్కేశాను.
తలెత్తి చూసింది.
"తీసినావు సరే, నా బొమ్మ ఎప్పుడిత్తావు?"
రేపు, అన్నాను.
ఆ రేపు పదకొండేళ్లు సాగింది.
ఆ ఫొటో కటకం వెళ్లి బహుమతి తెచ్చింది,
ఈ గోడెక్కింది.
నేనే రేవుకి దిగలేదు.

హుద్‌హుద్ వచ్చిన రోజు
కొట్టు పైరేకు కాగితంలా లేచిపోయింది.
ఇరవై ఏళ్ల నెగటివులు ఒకదాన్నొకటి కరుచుకుని
అట్టముక్కలయ్యాయి.
గోడ మీద ఆమె ఒక్కతే తడవలేదు.

మర్నాడు పడిపోయిన చెట్లు దాటుకుంటూ
ఆ పటం చంకలో పెట్టుకుని వెళ్లాను.
కొడుకు పడవ చెక్కలు ఏరుతోంది.
చెంగుతో అద్దం తుడిచి
చాలాసేపు చూసుకుంది.
"అప్పుడు నాకు పళ్లన్నీ ఉండేవి" అంది.
అంతే.
తిట్టినా బాగుండేది.

అందుకని, కొత్తది నీకివాళ అమ్మను.
ఈ పాతది పట్టుకుపో, నెల్లాళ్లు వాడు.
ఎడమ మూల కాస్త పువ్వుంది,
ఎండకెదురు తీస్తే మంచు కమ్మినట్టు పడుతుంది,
అరకులో ఎవరూ పోల్చలేరులే.
కొత్తదానికి దాచిన డబ్బులో కొంత
ప్రింట్లకి తీసిపెట్టు.
ఒక నోటుబుక్కు కొను:
పేరు, ఊరు, ఇంటి గుర్తు.
ఇవ్వాల్సినవి ఎర్రసిరాతో రాయి.
నా పుస్తకంలో ఇంకా నలభై రెండున్నాయి.

బ్యాటరీ లోపలి జేబులో పెట్టుకో,
లంబసింగి చలికి
అది నీకంటే ముందే ముడుచుకు పడుకుంటుంది.
పొద్దున్నే బండి, ఇంక వెళ్లు.
మెల్లిగా లే,
ఆ స్టూలు ఇప్పటికి ముగ్గుర్ని పడేసింది.