తప్పొప్పుల పట్టిక

మునిరత్నం మాస్టారి వ్యాసం ఆఖరి ఫారం
తంగసాల వీధిలో మా ప్రెస్సులో
ఇంకా సిరా తడి ఆరలేదు.
'పోలండు వాళ్ళ ఆశ సెర్బియాలో మొలిచింది' అని ఆయన రాస్తే
మా ఏళుమలై 'సైబీరియా' అని కూర్చాడు.
తెలుగు చదవలేడు అతను,
ఆకారాలు చూసి అచ్చులు ఏరతాడు.
ముందు పేజీలో పేరే మళ్ళీ వచ్చిందనుకున్నాడు కాబోలు.

కొట్టేయబోయి ఆగాను.
రెండూ నిజమే కదా.
తిరగబడి ఓడినవాళ్ళలో కొందరిని
జారు చక్రవర్తి మంచులోకి తోలాడు.
కొందరు పారిస్‌లో, నది మధ్య దీవి మీద
పాత భవంతిలో చలి కాచుకుంటూ
ఇంకొకళ్ళ దేశానికి పటం గీశారు,
ఇల్లు కూలినవాడు
పొరుగువాడి పునాదికి నూలు పట్టినట్టు.

బెల్‌గ్రేడుకి వాళ్ళు పంపిన మనిషి
(మొరావియా వాడట, పోలండు వాడు కూడా కాదు)
కూర్చుని రాసిచ్చాడు,
దక్షిణ స్లావులంతా ఒక్కటి కావాలని.
అక్కడి మంత్రి దాదాపు మొత్తం ఎత్తి రాసుకుని
'దక్షిణ స్లావు' ఉన్నచోట
'సెర్బు' అని దిద్దుకున్నాడు.
ఆ కాగితం అరవై ఏళ్ళు బయటికి రాలేదు.

ప్రూఫులు దిద్దడంలో పద్నాలుగేళ్ళు నాకు.
మాట కురచైతే స్పేసులు వేయించి
లైను సరిచేయిస్తాను, అంతే.
అక్కడ మిగిలిన ఖాళీలో
ఎంతమంది పట్టేవాళ్ళో
మాస్టారు రాయలేదు.

ఇదే ట్రెడిల్ మీద, నేను గౌనులు తొడిగే రోజుల్లో,
మా చిన్నాన్న కరపత్రం ఒత్తాడు.
'మద్రాసు మనది కూడా' అని రాసుకొచ్చాడట.
కమిటీ వాళ్ళు 'కూడా' తీసేసి
'మనదే' చేశారు.
ఒక్క ఏత్వం.
సీసంలో పోతపోస్తే చీమ తలంత.
ఆ కట్టలు వీధివీధికీ మోసింది ఏళుమలై తండ్రి,
ముప్పావలా కూలికి,
అందులో తన గురించి ఏముందో తెలియకుండా.

తర్వాత కమిటీ వాళ్ళు కర్నూలు రైలెక్కారు.
చిన్నాన్న ఎక్కలేదు.
'మెషిను ఎవడు చూస్తాడు' అన్నాడట.

ఏళుమలై టీ గ్లాసు పెట్టి
"తప్పులు జాస్తియా అక్కా?" అన్నాడు.
ఒకటే అన్నాను.
'సైబీరియా' చుట్టూ గీత చుట్టి పక్కన
'సెర్బియా' రాసిచ్చాను.

గళ్ళన్నీ వెతికి వచ్చాడు.
'సె' లేదట ఒక్కటీ.
ఉన్నవన్నీ
ఎన్నికల కరపత్రంలో బిగించి ఉన్నాయి,
అవతలి బల్ల మీద.