పెదవి కలవని చోట

రుస్తావిలో నీళ్లు లేని ఈతకొలను.
ఉక్కు ఫ్యాక్టరీ పనివాళ్లు ఈదిన కొలను.
"లోతు మూడు మీటర్లు" అని
గోడ పలకల మీద ఇంకా రాసుంది.
ఆ లోతులో నలుగురిని నిలబెట్టి
పాటకి వీడియో తీశాం.

ఎకా గిటారు దేనికీ కలిపి లేదు.
వైరు కొసని జేబులో దోపుకుంది.
సింబల్స్ మీద తువ్వాళ్లు కప్పాం,
తోర్నికే కొడుతుంటే
పరుపు దులుపుతున్న చప్పుడు.
పాట మాత్రం మెట్ల మీది స్పీకర్లోంచి వస్తోంది.
మూడు వారాల కిందట స్టూడియోలో ముగించిన పాట,
ఊపిరి పీల్చిన చోట్లన్నీ తుడిచేసిన పాట.
ఖతూనా దానికి పెదవులు అప్పిచ్చింది.

ఇప్పుడు రాత్రి రెండు.
నా బల్ల మీద పదిహేడు టేకులు,
చల్లారిన టీ.

మొదటి టేకులో అందరూ బాగున్నారు.
అదే దాని జబ్బు.
నాలుగో టేకులో పొగ.
ఉన్న డబ్బులో సగం పొగే తాగింది.
అందులో ఎకా దగ్గింది,
ఆ దగ్గొక్కటే నమ్మబుద్ధేసింది.
తొమ్మిదోది క్రేన్.
మాల్ఖాజ్ పైనుంచి మెల్లగా దిగి
ఖతూనా చుట్టూ తిరిగాడు,
పెళ్లి వీడియోలో కేకు చుట్టూ తిరిగినట్టు.
ఈ మాట అతనికింకా చెప్పలేదు.

నాకో పాత అలవాటు ఉంది.
శబ్దం ఆపేసి చూస్తాను.
చెవులు మూసుకున్నా
పల్లవి ఎక్కడ మళ్లీ అందుకుంటారో
కళ్లకి తెలిసిపోవాలి.
పదకొండోది అలా చూస్తుంటే దొరికింది:
పల్లవికి ఒక అర క్షణం ముందు
గోచా మడమ లేస్తుంది.
ముఖం బేస్ మీదే ఉంటుంది, మడమ మాత్రం లేస్తుంది.
తోర్నికే ఆ మడమనే చూస్తాడు.
పన్నెండేళ్లుగా చూస్తున్నాడు.
వ్యాను అప్పు గొడవయ్యాక, అక్టోబరు నుంచి,
ఇద్దరికీ మాటల్లేవు.
అయినా చూస్తాడు,
మడమ లేవగానే కర్ర దిగుతుంది.

దాన్ని దగ్గరగా తీసినవాళ్లెవరూ లేరు.
మా కెమెరాలన్నీ ముఖాల వెంట పడ్డాయి.

పద్నాలుగో టేకు.
రెండో చరణం మధ్యలో జనరేటరు ఎక్కిళ్లు పెట్టి ఆగింది.
స్పీకరు నోరు మూసుకుంది.
బ్యాటరీ మీదున్న కెమెరా తిరుగుతూనే ఉంది,
గాజు కప్పులోంచి మార్చి ఎండ దిగుతూనే ఉంది.
కట్ చెప్పాల్సింది నేనే.
నోట్లో రొట్టె ముక్క ఉంది, చెప్పలేకపోయాను.

తోర్నికే కర్రతో తువ్వాలు ఎగరేశాడు.
ఎకా గిటారు దోమంత మోగింది.
ఖతూనా పాడింది,
ఈసారి గొంతుతోనే.
ఖాళీ కొలను ఆ గొంతు తీసుకుని
కాస్త ఆలస్యంగా తిరిగిచ్చింది.
శ్రుతి జారింది, పట్టుకుంది, మళ్లీ జారింది.
గోచా మడమ లేపలేదు.
తల తిప్పి తోర్నికేని నేరుగా చూశాడు,
చూసి, నవ్వాడు.

ఆ బొమ్మ మీద స్టూడియో పాట పరిస్తే
పెదవి రెండు ఫ్రేములు వెనకబడుతుంది,
తర్వాత ఐదు,
తర్వాత లెక్కే ఉండదు.
కంపెనీ పంపిన కాగితంలో ఉన్న షరతు ఒక్కటే:
పెదవి తప్పకూడదు.

వెతికాను, వెతికాను.
ఒకచోట ఖతూనా అటు తిరుగుతుంది.
మెడ వెనక నరం ఉబ్బి కనిపిస్తుంది,
చెమటకి అంటుకున్న వెంట్రుకలు,
ఆమె భుజం మీదుగా గోచా నవ్వు.
నాలుగు సెకన్లు.
పెదవి లేదు కాబట్టి తప్పూ లేదు.
చివరి పల్లవి తలుపు దగ్గర దాన్ని పెట్టాను.
శబ్దం ఆపి చూశాను.
వినబడింది.

ఆ తర్వాత జరిగింది వీడియోలో ఉండదు.
సాండ్రో మూడుసార్లు తాడు లాగితే జనరేటరు లేచింది.
లాప్‌టాప్‌లో పాట ఇంతసేపూ మూగగా నడుస్తూనే ఉందేమో,
ఏదో మాట మధ్యలోంచి స్పీకరు గట్టిగా అందుకుంది.
నలుగురూ దానివైపు తిరిగి చూశారు,
పొరపాటున తలుపు తీసిన మనిషిని చూసినట్టు.
పెదవులు అప్పివ్వడానికి
ఎవరూ లేవలేదు.

పొద్దున్నే మాల్ఖాజ్‌కి
క్రేన్ సంగతి చెప్పాలి.