ఉప్పు

పదకొండేళ్లుగా ఈ పడవలో వంట నాది.
దీవులన్నీ నాకు
పళ్లెమంత గాజు కిటికీలోంచే తెలుసు.
ఉల్లిపాయలు తరుగుతుంటే
పొగ కక్కే కొండ ఒకటి అలా పక్కనుంచి వెళ్లిపోయేది.

పదహారుమంది ప్రయాణికులు
తడి చొక్కాలతో వచ్చి, ఒకరి మాట మీద ఒకరు పడి
సొరచేప అంటారు, తాబేలంటారు.
సూపు వడ్డిస్తూ తలాడిస్తాను.

ఇవాళ గైడు మారిలూస్ ఊరుకోలేదు.
"ఏప్రన్ విప్పు విల్ఫ్రీదో, దిగు."

ఫెర్నాందినా.
గడ్డకట్టిన లావా: అడుగంటిన గిన్నె.
ఇలాంటివెన్ని తోమానో.
దానిమీద వందల ఇగువానాలు
ఒకదానిపై ఒకటి కాళ్లు వేసుకుని.
ఒకటి నావైపు చూసి తుమ్మింది,
ముక్కులోంచి ఉప్పు చిమ్మింది.
"ఎక్కువైందా?" అన్నాను, అలవాటు కొద్దీ.

అవతల ఎగరలేని నీటికాకి.
రెక్కలా అవి? చిరిగిన గొడుగు గుడ్డలు.
నోట నాచు కరిచి తెచ్చి
గూట్లో ఆమె ముందు పెట్టాడు.
ఆమె చూసింది. పక్కకి నెట్టింది.
మళ్లీ మునిగాడు.
మూడోసారి, ఎర్రనాచు.
ఆమె దాన్ని గూటి అంచున
కాస్త అటూ ఇటూ సర్ది పెట్టుకుంది.
ఎవరూ ఫోటో తీయలేదు,
అప్పటికే అందరూ పెంగ్విన్ వైపు తిరిగారు.

నార్సీసాకి ఏం తీసుకెళ్లను?
ఇక్కణ్ణించి గులకరాయి కూడా కదలకూడదు.
నా అరికాళ్లకంటిన ఇసుకని సైతం
బకెట్టు నీళ్లతో కడిగి
సముద్రానికే ఇచ్చేశారు.

రాత్రి సూపులో ఉప్పు మరిచాను.
ఒకావిడ గిన్నె పక్కకి నెట్టింది.

తీసుకుని
మళ్లీ వంటింట్లోకి మునిగాను.