ఉప్పునీటి వయసు

ఊరి పేరు వూచ్. వాళ్ళ భాషలో పడవ అని అర్థం.
సముద్రం మాత్రం మూడువందల కిలోమీటర్ల అవతల.
నాలుగో అంతస్తులో, రేడియేటర్‌కు ఎదురుగోడన,
బోగుమీవా తన సముద్రాన్ని తనే కలుపుకుంది:
ఇరవై లీటర్లకు ఏడువందల గ్రాముల ఉప్పు,
తిప్పడానికి విరిగిన చీపురుకర్ర.

అద్దకం మిల్లులో ముప్పై ఒక్కేళ్ళు
నీలానికీ నీలానికీ తేడా పట్టిన కన్ను ఆమెది.
ఒక్క చుక్క ఎరుపు ఎక్కువైనా
తాను తానంతా వెనక్కి పంపేసేది.
ఇప్పుడు పరీక్షగొట్టంలో చుక్కలు వేసి,
రంగుల అట్టముక్క పక్కన పెట్టి,
కిటికీ వెలుతుర్లో తిప్పి తిప్పి చూస్తుంది.
నైట్రైటు సున్నా.
అట్టముక్క అంటుంది, అయిపోయిందని.
ఆమె కళ్ళజోడు తుడుచుకుంటుంది.

ఒకసారి నమ్మింది దాని మాట.
రెండో నెల్లోనే కొమ్ముల పగడం తెచ్చి రాయికి అంటించింది.
ఐదోరోజుకి అడుగునుంచి తెల్లబడింది అది,
మొదటి ఉతుక్కే రంగొదిలేసిన
చవక గుడ్డలా.

కింది వాటా ట్రామ్ డ్రైవరు కొడుకు ఇగ్నాత్సి, తొమ్మిదేళ్ళు.
ప్రతి ఆదివారం బూట్లైనా విప్పకుండా
దూసుకొచ్చి అడిగేవాడు: "ఇంకా ఎప్పుడు?"

ఏం చెబుతుంది?
క్యాబేజీ పీపా అయితే మూత తీసి
ముక్కు పెడితే తెలుస్తుంది పులుపెక్కిందో లేదో.
పండైతే బొటనవేలితో నొక్కొచ్చు.
నీళ్ళను ఎక్కడ నొక్కాలి?

మొదట గోధుమరంగు పొడి,
ఇసుక మీద ఎవరో కాఫీ ఒలకబోసినట్టు.
అది పోయాక పచ్చటి జుట్టు,
ఒక చలికాలమంతా పళ్ళబ్రష్షుతో దువ్వింది, తిట్టుకుంటూ.
ఆపైన ఎర్రటి జిగురు దుప్పటి.
చెల్లెలు వచ్చి ముక్కు మూసుకుని
"చెడింది, పారబొయ్యి" అంది.
నోటుబుక్కులో బోగుమీవా రాసుకుంది:
వంతులు నడుస్తున్నాయి.

మార్చిలో తుంటి ఆపరేషను. పదకొండు రోజులు ఆస్పత్రి.
తాళంచెవి ఇగ్నాత్సి మెడలో, దారానికి.
తిరిగొచ్చి, కోటు విప్పకుండా, కర్ర ఊతంగా నిలబడింది
నష్టం లెక్కపెట్టుకోడానికి.

అద్దం మీద పల్చటి పచ్చపొర.
ఆ పొరలో నత్తలు మేసిన దారులు,
డిపో దగ్గర ట్రామ్ పట్టాల మలుపుల్లా.
పంపు మూతి చుట్టూ, రాయి వెనక నీడలో
గులాబీకీ ఊదాకీ నడుమ మరకలు.
ఆ రంగుకు ఏ మిల్లూ నంబరు వెయ్యలేదు.
తను కొన్నదీ కాదు. ఎవరూ తెచ్చిందీ కాదు.

ఆ రాత్రి దీపాలార్పి టార్చి వేశాడు పిల్లాడు.
అద్దం మీద ధూళి.
ధూళి నడుస్తోంది.
"వీటికి నేనేం పెట్టలేదు" అన్నాడు చిన్నగా,
తప్పు తనదేనేమో అన్నట్టు.

ఆమె మూత ఎత్తింది.
ఉప్పు సంచి వాసన ఎప్పుడు వెళ్ళిపోయిందో!
ఉస్త్కా తీరంలో, పెళ్ళికి ముందు, ఒకే ఒక్కసారి,
తడి చెప్పులు చేత్తో పట్టుకుని పీల్చిన గాలి
ఇక్కడ, చిప్‌బోర్డు బల్ల మీద.

కాసేపాగి అంది:
"రేపు కొట్టుకెళ్దాం. పగడం నువ్వే ఎంచు."

వాడు టార్చి ఆర్పలేదు.
అద్దానికి నుదురు ఆనించి,
ఒక తెల్లటి నలుసు రాయి చివరిదాకా పాకేదాకా చూసి
"వచ్చే నెల చూద్దాంలే" అన్నాడు.

గుమ్మం దగ్గర వాడి బూట్లు,
విప్పి, జతగా పెట్టి ఉన్నాయి.