మూడు మిల్లీమీటర్లు

కోల్న్ నది పక్కన, ఒకప్పుడు ఉన్ని నేసిన మిల్లులో
ఇప్పుడు అట్టపెట్టెలు అచ్చువేస్తున్నారు.
మూడో అంతస్తు. లిఫ్టు పనిచెయ్యదు.
గ్రేహమ్ బల్ల మీద ఖాళీ పెట్టె ఒకటి పెట్టాడు,
ఏ రాతా లేకుండా, తలంటి కూర్చోబెట్టిన పిల్లలా.

ఎన్ని, అన్నాడు.
వంద, అన్నాను.
నవ్వలేదు పాపం.
ఐదొందలకి తక్కువైతే యంత్రం తిప్పడట.
ఐదొందలైతే ఒక్కోటి యాభైనాలుగు పెన్నీలు,
వెయ్యైతే ముప్ఫైఒకటి.
శనివారం సంతలో నేనమ్మేది ఇరవైరెండు పొట్లాలు,
అదీ వాన లేకపోతే.
హడర్స్‌ఫీల్డ్‌లో వాన లేకపోవడం!
నోటిలెక్క వేశాను: వెయ్యి పెట్టెలు ఏడాది,
వానలు కలుపుకుంటే రెండు.
అందాకా మా మంచం కింద
మడత విప్పకుండా పడుకుంటాయి.

తెల్లపెట్టె ఇంటికి తెచ్చి
నూట యాభై గ్రాముల నువ్వులపొడి పోశాను.
కుదిపాను. గరిటె తిరగేసి అదిమాను.
నాలుగు చెంచాలు బయటే మిగిలింది.
తెల్లారి చూస్తే అట్ట మీద
నూనె తనకో దేశపటం గీసుకుంది.
లోపల ఇంకో కవరు కావాలన్నమాట.
దానికో తొమ్మిది పెన్నీలు.

ఎరుపడిగితే ఏ ఎరుపన్నాడు.
ఎండుమిరపకాయ, అన్నాను.
విసనకర్రలా రంగులపట్టీ విప్పాడు.
తెర మీద గుంటూరు యార్డు,
అట్ట మీదికి దిగేసరికి పాత ఇటుక.
"కాగితం తాగేస్తుంది" అన్నాడు.
ఆ ఒక్క మాటా మా వాళ్ళెవరో అన్నట్టుంది.

మంగళవారం ప్రూఫు వచ్చింది.
నువ్వులపొడి అని రాసి పంపితే
నువ్‌వులపొడి అని వచ్చింది.
కిందుండాల్సిన వత్తు పక్కకొచ్చి నిలబడింది,
సీటు దొరకని ప్రయాణికుడిలా.
డిజైన్ చేసే ఇమోజెన్‌కి అన్నీ అందమైన గుండ్రాలే.
పెన్సిల్ తీసి చూపించాను:
ఇది దీని పక్కన కాదమ్మా, పాదాల దగ్గర.
నాలుక పంట నొక్కిపెట్టి గీసింది.
మూడోసారికి కుదురుగా కూర్చుంది.

నువ్వులన్న మాట ఇంగ్లీషులో లావుగా ఉండాలట,
కొందరికి పడవు కనక.
తూకం, గడువు తేదీ, మా ఇంటి చిరునామా.
అన్నీ ఎక్కాక వెనకవైపు ఒక పలక ఖాళీ.

"ఇక్కడ మీ కథ. అరవై మాటలు" అంది ఇమోజెన్.
"అమ్మమ్మ చేసిన వంట కదా? అందరూ అమ్మమ్మనే వేస్తారు."

మా అమ్మమ్మ పొడి కొట్టగా నేను చూళ్ళేదు.
ఆవిడ రేషన్ షాపులో లెక్కలు రాసేది,
వంట తాతయ్యది, అదీ అంతంతమాత్రం.
నాకీ పొడి నేర్పింది ఫిర్దౌస్.
నెల్లూరు నర్సింగ్ హాస్టలు, రెండో సంవత్సరం,
మెస్సు సాంబారులో గరిటెకి ఏమీ తగలని రోజుల్లో
కిటికీ మూసి, ఇస్త్రీపెట్టె తిరగేసి రెండు ఇటుకల మధ్య ఇరికించి,
దాని మీద స్టీలు పళ్ళెం.
నువ్వులు చిటపటమంటుంటే
వార్డెన్‌కి వినపడకుండా నేను దగ్గేదాన్ని.
"వెల్లుల్లి పచ్చిదే వెయ్యి సుభా,
వేయించావంటే దాని పొగరు పోతుంది."
ఆమె నంబరు ఇప్పుడు వేరే ఎవరిదో.
కన్నడంలో మాట్లాడతారు.

అరవై మాటల్లో ఇస్త్రీపెట్టె పట్టలేదు.
"స్నేహితురాలు అని వేద్దామా?" అంది.
పేరు వెయ్యమన్నాను.
ఫిర్దౌస్‌కి వత్తులేం లేవు, ఇంగ్లీషులోనే వేసుకో.

చివర్లో గ్రేహమ్ ఒక గీత చూపించాడు.
కత్తి ఇక్కడ దిగుతుంది,
రంగు మాత్రం ఇంకో మూడు మిల్లీమీటర్లు దాటి పోవాలి,
లేకపోతే అంచున తెలుపు బయటపడుతుంది, అన్నాడు.
కోసి పారేసేదానికి కూడా సిరా ఖర్చు నాదేనా?
"నీదే" అన్నాడు.

ఐదొందలకి సంతకం పెట్టాను.
రెండంతస్తులు దిగాక గుర్తొచ్చింది,
ఆ నాలుగు చెంచాల సంగతి చెప్పనేలేదని.
రైలింగు పట్టుకుని
మళ్ళీ పైకెక్కాను.